మసి చెప్పు సాక్ష్యము



“అయ్యగారూ, చక్కగా మెరిసే బొమ్మకు మసెందుకు పూస్తున్నారు?” అని మా యింటికి వచ్చువారిలో పలువురు నన్ను అడుగుచుందురు. ప్రశ్న న్యాయమైనదే. క్రిస్మసు వచ్చుచున్నదనగా మనము గోడలకు సున్నము వేయుదుము. ఆదివారము కట్టుకొను బట్టలు శనివారమే ఉతికి ఆరవేయుదుము. మురికిని పోగొట్టుట మనకు అలవాటైన పని గాని, శుభ్రముగా ఉన్నదానిని కోరి మురికి చేయుట అలవాటు లేదు. అందును మందిరములో ప్రసంగించువాడు ఆ పని చేయుచున్నాడనిన మరింత వింతగా తోచును. కనుక ఈ నెల నా బల్లమీది చిన్న రైలుబండిని గూర్చియు, దానికి నేను పూయు మసిని గూర్చియు నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

రైలుబండ్లను కొలత తప్పకుండ చిన్నవిగా చేసి నడుపుట అనేక దేశములలో పిల్లలేగాక పెద్దలును చేయు పని. మిక్కిలి వ్యాప్తిలో ఉన్న కొలతను హెచ్.ఓ. అందురు. అనగా అసలు బండిలో 87 వంతులలో ఒక వంతు. మన స్టేషన్లలో ఈనాడు బొగ్గు మోయుచున్న బాక్స్-ఎన్ వ్యాగను 10 మీటర్ల 70 సెంటీమీటర్లకు కొంచెము పైబడి పొడవుండును. నా బల్లమీద అదియే 12 సెంటీమీటర్లకు కొంచెము పైబడి యుండును. నాయొద్ద అట్టి బొగ్గు వ్యాగన్లు రెండు, పూర్వపు నాలుగు చక్రముల మూత వ్యాగన్లు మూడు, డబ్ల్యు.జి. అను ఆవిరి ఇంజను ఒకటి ఉన్నవి. ఇంజనును విదేశపు మోటారు చట్రము మీద ప్లాస్టిక్ రేకులతోను ఇత్తడి తీగెలతోను నేనే కట్టితిని. డబ్ల్యు.జి. ఇంజన్లు 1950 మొదలుకొని 1970 వరకు మొత్తము 2,450 తయారైనవి. మన గూడ్సు బండ్లను చిరకాలము లాగినవి అవియే. 1995 డిసెంబరులో మన దేశమందు బ్రాడ్‌గేజి మీద ఆవిరి ఇంజన్ల నిత్యసేవ ముగిసెను.

బొమ్మ పూర్తియైన దినమున మెరయుచుండును. అయితే బల్లకు సమముగా కన్ను ఆనించి చూచిన యెడల ఏదో వెలితిగా తోచును. అది బండివలె గాక, దుకాణములో అమ్మకమునకు పెట్టిన ఆటవస్తువువలె కనబడును. అసలు బండి ఎండలో నిలిచినది, వానలో తడిసినది, బరువు మోసినది. ఆ సంగతులేవియు బొమ్మమీద లేవు. ఆ లోటును రంగుతోను పొడితోను తీర్చు పనిని వెదరింగ్ అందురు. ఎండకు ఎండి వానకు తడిసిన రూపము తెచ్చుట అని మనము చెప్పుకొనవచ్చును.

ఈ పనిని ప్రసిద్ధి చేసినవారిలో అమెరికా దేశస్థుడైన జాన్ అలెన్ ముఖ్యుడు. ఆయన ఫొటోలు తీయుట వృత్తిగా గలవాడు. వెలుగునీడలకు అలవాటుపడిన కన్ను ఆయనది. కాలిఫోర్నియాలోని మాంటెరే పట్టణములో తన యింట ఒక ఊహా రైలుమార్గమును కొండలతోను వంతెనలతోను కట్టి, దానిమీది ఇంజన్లను ఇండ్లను పాతబడినవాటివలె తీర్చి, వాటి ఫొటోలు పత్రికలలో వేయించెను. 1973 జనవరిలో ఆయన చనిపోయెను. కొద్ది దినములకే అగ్ని పుట్టి ఆ కట్టడమును చాలవరకు నాశనము చేసెను. అయినను ఆ ఫొటోలు నిలిచి, అనేకులకు ఈ పనిని నేర్పినవి.

ఇంగ్లండు దేశములో ఈ వ్యాసంగమందు పాదిరులును తక్కువవారు కారు. టామస్ అను ఇంజను కథలు వ్రాసిన విల్బర్ట్ ఆడ్రీ (1911–1997) ఆంగ్లికను సంఘపు గురువు. ఆయన మొదటి పుస్తకము 1945లో వెలువడెను. తాను కట్టిన చిన్న రైలుమార్గమును ఆయన ప్రదర్శనలకు తీసికొని పోవుచుండెడివాడు. పీటర్ డెన్నీ అను మరియొక గురువు బకింగ్‌హామ్ అను పేరుతో కట్టిన రైలుమార్గము ఈ పని ఎరిగినవారందరికి తెలిసినది. దానిలో ఆయన చూపినది 1907వ సంవత్సరపు కాలము.

ఆ 1907 అను అంకె ఆలోచింపదగినది. మొదటి ప్రపంచ యుద్ధమునకు ముందు ఇంగ్లండులో ప్రయాణికుల బండ్ల ఇంజన్లు అద్దములవలె మెరయుచుండెను. ఏలయనగా షెడ్డులలో కొద్ది కూలికి పనిచేయు పిల్లవాండ్రు గుంపులుగా ఉండి, రాత్రులు వాటిని తుడుచుచుండిరి. యుద్ధముల తరువాత ఆ కూలికి ఆ పని చేయువారు దొరకుట కష్టమాయెను. 1968 ఆగస్టులో బ్రిటిషు రైల్వేలో ఆవిరి ఇంజన్ల సేవ ముగియు నాటికి, నంబరు కూడ సరిగా కనబడనంతగా మసి పట్టిన ఇంజన్లు అనేకములు తిరుగుచుండెను. కాబట్టి 1907 నాటి ప్రయాణికుల ఇంజనుకు దట్టముగా మసి పూసినను అబద్ధమే, 1967 నాటి గూడ్సు ఇంజనును అద్దమువలె మెరిపించినను అబద్ధమే. ఆ మెరుపు ఎందరో పిల్లవాండ్ర రాత్రిపని వలన కలిగినది. ఆ మసి వారు మానుకొనిన పని వలన కలిగినది. బండిమీది శుభ్రము గాని మురికి గాని ఊరక వచ్చినది కాదు. ఈ సంగతి గ్రహించిన దినమునుండి ఈ పని నాకు ఆటగా తోచుట లేదు.

ఇక పని క్రమమును చెప్పెదను. మొట్టమొదట చేయవలసినది పూయుట కాదు, కడుగుట. వేళ్ల జిడ్డు ఉన్నచోట రంగు నిలువదు. మోటారున్న చట్రమును వేరుచేసి, పైతొడుగును మాత్రము గోరువెచ్చని సబ్బునీటితో కడిగి ఆరనీయవలెను. తరువాత మెరుపు లేని వార్నీషు ఒక పలుచని పూత వేయవలెను. నున్నని రంగుమీద పొడి పట్టదు గనుక ఈ పూత అవసరము. చక్రము పట్టాను తాకు అంచుకు ఏమియు అంటరాదు. విద్యుత్తు పట్టానుండి చక్రములోనికి, చక్రమునుండి మోటారునకు ఆ దారినే పోవును. కొందరు నిజమైన తుప్పును గీకి పొడిచేసి వాడుదురు. వ్యాగనుకు ఎట్లున్నను ఇంజనుకు అది కూడదు. మోటారులో అయస్కాంతము ఉన్నది. తుప్పుతో కూడ వచ్చు ఇనుపరజనును అది లోపలికి లాగుకొని చెడిపోవును.

అటుపిమ్మట నేను ప్రతి మరకను గూర్చి మూడు ప్రశ్నలు వేసికొందును. ఇది ఎక్కడనుండి వచ్చెను? ఏ దారిని పోయెను? ఎవరి చేయి తాకెను? జవాబు లేని మరకను నేను వేయను.

మొదటి ప్రశ్న: ఇది ఎక్కడనుండి వచ్చెను?

పొగగొట్టమునుండి లేచిన మసి పైనుండి పడును. కనుక అది బాయిలరు వీపుమీదను, డ్రైవరు నిలుచు గది కప్పుమీదను, బొగ్గును నీళ్లును మోయు టెండరుమీదను ఎక్కువగా నిలుచును, ప్రక్కలమీద తక్కువగా ఉండును. ముందుభాగమున పొగ చేరు స్మోక్‌బాక్సు వేడికి మాడి, దాని నలుపు బూడిద కలిసిన గోధుమ వన్నెకు తిరుగును. షెడ్డులో దాని తలుపు తెరచి బూడిద తీసినప్పుడు చిందిన రజను తలుపు క్రింది పలకమీద పడియుండును. బాయిలరు లోపల కడుగుటకు విప్పు బిరడాల యొద్దనుండియు, నీళ్లు కారు గొట్టముల యొద్దనుండియు తెల్లని సున్నపు చారలు దిగును. నీళ్లలో సున్నము ఎక్కువగా ఉన్న సీమలో తిరిగిన ఇంజనుకు ఆ చారలు మరింత తెల్లగా ఉండును. చూడుడి, ఒక తెల్లని చార ఆ బండి ఏ నీళ్లు త్రాగినదో చెప్పుచున్నది! చక్రముల యొద్ద రంగు వేరు. అక్కడ నూనెయు ధూళియు కలిసి నల్లని ముద్దగా నుండును. ఇనుప బ్రేకు బ్లాకులు అరిగి రాలిన రజను గోధుమ వన్నెగా చట్రమంతట అంటుకొని యుండును.

వ్యాగన్ల సంగతి మరియొక విధము. బొగ్గు వ్యాగను లోపలి గోడలను ఎక్కించునప్పుడెల్ల బొగ్గు గీకును. గీకినచోట రంగు పోవును, రంగు పోయినచోట తుప్పు పట్టును. కనుక లోపల తుప్పు ఎక్కువ, వెలుపల దుమ్ము ఎక్కువ. యంత్రపు తొట్టి తగిలిన పైఅంచు అక్కడక్కడ వంకరపోయి యుండును. సిమెంటు మోసిన మూత వ్యాగనుకు తలుపు సందులయొద్ద బూడిద వన్నె గట్టిపడి యుండును. మరమ్మతు కార్ఖానాకు మరల ఎప్పుడు రావలెనో ఆ తేదీ వ్రాయుటకు వేసిన కొత్త రంగు చదరము, చుట్టునున్న వెలిసిన రంగు మధ్య ప్రత్యేకముగా కనబడును. వ్యాగనుమీద ఆ చిన్న చదరమొకటి వేసినచో, అది కార్ఖానాకు పోయి వచ్చిన సంగతి చూచువారికి చెప్పకయే తెలియును.

తుప్పు అనగానే నారింజ రంగును పూయువారు కలరు. నిన్నటి తుప్పు నారింజ వన్నెదే గాని, పదియేండ్ల తుప్పు ముదురు గోధుమ వన్నెది. రెండును ఒకే గాయములో ఉండవచ్చును. మధ్యను పాతది, అంచున కొత్తది. మసియు శుద్ధమైన నలుపు కాదు. డబ్బాలోని నలుపును ఉన్నదున్నట్లు పూసినచో, చిన్న బండిమీద అది మసివలె గాక రంధ్రమువలె కనబడును. అందులో కొంచెము గోధుమ రంగు, కొంచెము బూడిద రంగు కలుపవలెను.

రెండవ ప్రశ్న: ఇది ఏ దారిని పోయెను?

వాననీరు పైనుండి క్రిందికే జారును. పోవుచు పోవుచు రివెట్టు తలయొద్ద, తలుపు బందుయొద్ద ఆగి, అక్కడి మురికిని పట్టుకొని దిగును. కనుక ప్రక్కలమీద కుంచెను పైనుండి క్రిందికే లాగవలెను. అడ్డముగా లాగిన ఒక్క గీత చాలును, చూచువాని కన్ను ఇది నిజము కాదని కనిపెట్టును. యాక్రిలిక్ రంగును మరకనీళ్లవలె పలుచన చేసి, గిన్నెలు తోము ద్రవసబ్బు ఒక చుక్క కలిపినచో, అది సందులలోనికి చక్కగా పారును. పూర్తిగా ఆరకమునుపే మిట్టలమీదినుండి తడి కుంచెతోనో దూదితోనో తుడిచివేయవలెను. సందులలో మిగిలినది మిగులును. అసలు బండిమీదను జరుగునది ఇదియే. వాన తగులుచోట కడుగబడును, తగలనిచోట పేరుకొనును.

దుమ్మునకు తడిరంగు పనికిరాదు. బొమ్మలు వేయు పొడి రంగుకణికలను గరుకు కాగితము మీద రుద్ది, ఆ పొడిని మెత్తని కుంచెతో అద్దవలెను. దానిమీద వార్నీషు చల్లినచో నిలుచును గాని, పొడి కొంత మాయమైనట్లగును. కనుక మొదటనే కొంచెము ఎక్కువ అద్దుదురు. రంగు పెచ్చులూడినట్లు చూపుటకు మన వంటింటి ఉప్పే చాలును. మొదట తుప్పు వన్నె వేసి ఆరనిచ్చి, కొంచెము తడిచేసి, కావలసినచోట ఉప్పురవ్వలు చల్లవలెను. తడి ఆరిన తరువాత దానిమీద వ్యాగను రంగును చల్లి, అదియు ఆరిన పిమ్మట ఉప్పును రుద్ది రాల్చినచో, రవ్వలున్నచోట తుప్పు బయటపడును. రంగు చల్లునప్పుడు ముక్కునకు నోటికి మాస్కు కట్టుకొని, గాలి ఆడుచోట కూర్చుండవలెను.

ఇక్కడ కొలతను మరువరాదు. నా బల్లమీది ఒక మిల్లీమీటరు అసలు బండిమీద 87 మిల్లీమీటర్లు. అనగా కుంచెకొన నుండి జారిన ఒక చిన్న చుక్క, అసలు బండిమీద దాదాపు అరచేతి వెడల్పు మచ్చ అగును. గోటి వెడల్పంత తుప్పు పూసినచో, తలుపులో మనిషి దూరునంత గాయమగును. అందుచేత ఈ పనిలో కష్టమైనది పూయుట కాదు, ఆపుట. ఒక పూత వేసి, రాత్రి అట్లే విడిచి, ఉదయపు వెలుతురులో చూచి, అవసరమనిన రెండవ పూత వేయవలెను.

ఈ రెండు ప్రశ్నలకు పుస్తకములలో జవాబులున్నవి. ఫొటోలలో ఉన్నవి. గూడ్సు షెడ్డు యొద్ద నిలిచి కన్నులు తెరచి చూచినను దొరకును. మూడవ ప్రశ్న అట్టిది కాదు.

మూడవ ప్రశ్న: ఎవరి చేయి తాకెను?

ఆవిరి ఇంజను ఇప్పుడు మన బ్రాడ్‌గేజి పట్టాలమీద నిత్యసేవ చేయుట లేదు. దానిమీద పనిచేసినవారి చేయి ఎక్కడ ఎక్కడ పడెనో ఎవరిని అడుగవలెను? అందుచేత నా డబ్ల్యు.జి. ఇంజనుకు మసియు సున్నపు చారలును వేసిన తరువాత, తక్కినది మిగిల్చి బల్లమీదనే ఉంచితిని.

మా సంఘములో ఎనుబది యేండ్ల వృద్ధుడొకడు కలడు. యౌవనమందు బెజవాడ లోకో షెడ్డులో చేరి, ఆవిరి ఇంజన్లు పోవువరకు వాటిమీద పనిచేసి, తరువాత విశ్రాంతి పొంది, మా ఊరిలో కుమారుని యింట కాపురమున్నాడు. ఒక సాయంకాలమున ఆయన తన మనుమని వెంటబెట్టుకొని, వేరొక పనిమీద మా యింటికి వచ్చెను. మాటలాడుచు మాటలాడుచు బల్లవైపు చూచి ఆగెను. కండ్లజోడు సవరించుకొని దగ్గరకు పోయెను.

“ఇది డబ్ల్యు.జి. కదండీ అయ్యగారూ?”

“అవును పెద్దయ్యా. ఎట్లా ఉంది?”

ఆయన చాలసేపు వంగి చూచెను. “మసి బాగానే పడింది. సున్నం చారలు కూడా సరిగ్గా ఉన్నాయి. కానీ అయ్యగారూ, దీని మీద ఇంకా మనిషి ఎక్కలేదు.”

కుర్చీ వేసితిని. ఆయన కూర్చుండి, ఒక అగ్గిపుల్లను తీసికొని దానితో చూపింపసాగెను. “ఇదిగో ఈ మెట్టు. డ్యూటీలో ఎన్నిసార్లు ఎక్కుతాం, ఎన్నిసార్లు దిగుతాం! దీని అంచు అరిగి వెండిలా ఉండాలి. పక్కన ఈ పట్టుకునే కమ్మీ ఉంది చూశారా, ఇది చేతుల జిడ్డుకి నిగనిగలాడుద్ది. ఇక్కడ డ్రైవరు మోచెయ్యి ఆనిస్తాడు. కిటికీ అంచుకి ఇక్కడ మసి ఉండదు. ఆయన చొక్కాకి ఉంటుంది.”

నేను కాగితము తెచ్చుకొని వ్రాసికొనుచుంటిని. ఆయన అగ్గిపుల్ల నంబరు పలకయొద్దకు వచ్చి నిలిచెను. “నెంబరు మాత్రం రోజూ తుడవాల్సిందే. ఇంజనంతా తుడవటానికి టైము లేకపోయినా, కాటన్ వేస్టుకి కాస్త నూనె అంటించి ఇట్టా తిప్పేవాణ్ణి. అందుకని నెంబరు చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో శుభ్రంగా ఉంటుంది, దాని అవతలంతా మసే.”

మనుమడు పండ్రెండేండ్ల వాడు. అంతవరకు మాటలాడక వినుచున్నవాడు, “తాతా, నువ్వు ఇంజన్లు తుడిచేవాడివా? నువ్వు ఇంజను నడిపావని నాన్న చెప్పాడే!” అనెను.

గదిలో ఎవరును మాటలాడలేదు. ఆ యింటి సంగతి నాకు కొంత తెలియును. కుమారుడు చదువుకొని పట్టణములో ఆఫీసు పని చేయుచున్నాడు. తండ్రిని ప్రేమించువాడే గాని, తండ్రి తొలుత చేసిన పనిని బిడ్డలకు చెప్పుటకు బిడియపడెను. వృద్ధుడును కుమారుని మాట కాదనలేక, ఆ సంగతి ఎన్నడును ఎత్తలేదు. ఇన్ని సంవత్సరములు ఆయన ఆ షెడ్డును తనలోనే దాచుకొని యుండెను.

ఆయన మనుమనివైపు తిరిగెను. “తుడిచాను నాన్నా. మొదట నాలుగేళ్లు తుడిచాను. తర్వాత రెండో ఫైర్‌మన్‌గా బొగ్గు పగలగొట్టాను. ఆ తర్వాత పొయ్యిలో వేశాను. డ్రైవర్ని కాలేదు. కానీ నేను తుడిస్తేనే ఆ నెంబరు కనబడేది. నెంబరు కనబడకపోతే ఏ ఇంజను ఏదో ఎవరికి తెలుస్తుంది?”

పిల్లవాడు కొంతసేపు ఊరకుండి, “ఎట్లా తుడిచేవాడివి? చూపించు తాతా,” అనెను.

నేను చెవిలో పెట్టుకొను దూదిపుల్ల నొకదానిని రంగు కరిగించు ద్రవములో ముంచి, పిండి, పిల్లవాని చేతికిచ్చితిని. తాత వాని మణికట్టు పట్టుకొనెను. ముసలి చేతిలో చిన్న చేయి, చిన్న చేతిలో దూదిపుల్ల. నంబరుమీదుగా ఒకసారి, మరల ఒకసారి తిప్పిరి. మసి కరిగి, క్రింది నలుపు తేటగా వచ్చి, అంకెలు కనబడెను. “చాలు, చాలు. ఇంకా తుడిస్తే పై ఆఫీసరు వస్తున్నాడనుకుంటారు,” అని వృద్ధుడు నవ్వెను. ఆ గుర్తు ఇప్పటికిని నా ఇంజనుమీద ఉన్నది. ఆ ఇంజనుమీద నా చేత కానిది అదియొక్కటే, చూచువారందరి కన్ను మొదట పోవునది దానిమీదనే.

ప్రియులారా, ఆ సాయంకాలము తరువాత నేను మనుష్యుల మరకలను చూచు విధము మారినది. సిమెంటు బస్తాలు దించు హమాలీ మెడమీద ఒక ప్రక్కనే బూడిద వన్నె ఎందుకున్నదో నేనిప్పుడు ఆలోచింతును. ఆ ప్రక్కనే బస్తా ఆనును. బేరనులో పొగాకు ఆకు ఏరు స్త్రీ వేళ్లకు పట్టిన నలుపు, ఆకులోని జిగురు వలన కలిగినది. సబ్బుతో ఒక్కనాటికి పోదు. మామిడికాయలు కోయువాని ముంజేతిమీది మచ్చలు, తొడిమె తెగినప్పుడు చిమ్మిన సొన కాల్చినవి. మూడు మరకలకును పుట్టుక ఉన్నది, దారి ఉన్నది, చేయి ఉన్నది. ఇట్టివారే మన కూటములలో వెనుకను, తలుపుయొద్ద కూర్చుండుట మీరును చూచియుందురు. మురికి బట్టలతో వచ్చితిమే అని ముందుకు రారు. మనమును రమ్మని పిలువము. బల్లమీది బొమ్మకు ఎంతో శ్రమపడి తెచ్చుకొను సాక్ష్యమును, వారు ఒంటిమీద మోసికొని వచ్చి మన ఎదుట నిలుచుచున్నారు.

అయితే ఒక హెచ్చరికయు చెప్పవలసియున్నది. పని లేని మెరుపు అబద్ధమైనట్లే, పని లేని మురికియు అబద్ధమే. ఒక వ్యాగనుమీద తెలిసిన తుప్పంతయు, దుమ్మంతయు, చారలన్నియు ఒక్కటిగా కుమ్మరించువారు కలరు. అది కష్టపడిన బండివలె గాక వేషము వేసికొనిన బండివలె ఉండును. ఒకే దారిని కలిసి తిరిగిన వ్యాగన్లకు ధూళి వన్నె ఒకటిగా ఉండవలెను. గాయములు మాత్రము దేనివి దానికే. నా మూడు మూత వ్యాగన్లలో ఒకటి కార్ఖానానుండి క్రొత్తగా వచ్చినదానివలె ఉంచితిని. దానికి చక్రములయొద్ద కొంచెము దుమ్ము తప్ప ఏమియు లేదు. దానివలన తక్కిన రెండింటి పాతదనము నిజముగా తోచుచున్నది.

ఈ పనికి పెద్ద ధనము అక్కరలేదు. రైలు లేనివారు ఒక చిన్న లారీ బొమ్మతోనో, ఎడ్లబండి బొమ్మతోనో మొదలుపెట్టవచ్చును. నాలుగు రంగులు, రెండు కుంచెలు, కొంచెము దూది చాలును. అయితే కుంచె ముట్టకమునుపు చేయవలసిన పని యొకటి కలదు. మీ యింటనో మీ వీధినో ఆవిరి ఇంజనుమీద గాని, పాత నూనెమిల్లులో గాని, చేనేత మగ్గముమీద గాని, పడవమీద గాని పనిచేసిన వృద్ధులుందురు. ఆ వస్తువును వారి ఎదుట పెట్టి, “మీ చెయ్యి ఎక్కడ పడేది?” అని అడుగుడి. పిల్లలను కూడ ప్రక్కన కూర్చుండబెట్టుడి. వారు చెప్పునది చాల పుస్తకములలో లేదు. మా వృద్ధుని కన్నులు ఈ సంవత్సరము మరింత మందగించినవి. ఇప్పుడు ఆయన ఇంజనును చూచుటకంటె వ్రేలితో తడిమి చెప్పుటయే ఎక్కువ. టెండరు వెనుక నీళ్లు నింపుచోటును గూర్చి ఆయన ఇంకను చెప్పవలసినది ఉన్నది. వచ్చే బుధవారము మనుమనితో వత్తునని చెప్పియున్నాడు. దూదిపుల్లలు తెచ్చి ఉంచితిని.